సోకు బుగ్గలు, మాట బుగ్గలు

సూర్యాపేట
దీపావళి వెళ్ళిన సోమవారం

తమ్ముడు జానయ్యకు,

మంచీ చెడూ తర్వాత అడుగుతాను. ముందు నేను చెప్పేది చివరిదాకా విను. ఫోనులో అయితే నేను ఒక మాట అనేలోపు నువ్వు రెండు మాటలు అడ్డం పెడతావు, మూడో మాటకు సిగ్నల్ లేదంటావు. అందుకే మా పై వాటాలో కిరాయికి ఉండే రూపను కూర్చోబెట్టుకుని రాయిస్తున్నాను. ఆమె అంగన్‌వాడీ టీచరు. నేను నోటికొచ్చినట్టు చెబుతుంటే పుస్తకాల్లో మాదిరి దించుతోంది. తిట్లు మాత్రం రాయనంటోంది. ఉన్నాయనుకుని చదువుకో.

నిన్న మిర్యాలగూడ పోయి వచ్చాను. కార్తీకం ఆఖర్లో అక్కడ ఎగ్జిబిషన్ పెడతారు కదా, ఈసారి కాంట్రాక్టు జగన్మోహన్ అనే రైస్ మిల్లు వాళ్ళ అబ్బాయిది. మీ బావ రాజారత్నం ఉన్న రోజుల నుంచీ మన టెంటు గేటు పక్కనే. ఎవరినీ అడిగేది లేదు, గుంజలు పాతుకోవడమే. ఈ అబ్బాయి ఫోనులో మన రెండు గోలీ ఆట మిషిన్ల ఫోటో చూసుకుని ఏమన్నాడో తెలుసా? "అమ్మా, ఇవి మూలకు పెట్టిన బీరువాల్లెక్క ఉన్నయ్. జనం లైట్లు జూసి వస్తరు. మిణుకుమిణుకు అనాలె. లేకుంటే ఆ జాగ ఇంకొకలకు ఇస్త."

బీరువాలంట. నేను ఊరుకోలేదు. బాబూ, ఇందులో కంప్యూటరు లేదు, తెర లేదు, స్ప్రింగు కడ్డీ గుంజి వదిలితే ఉక్కు గోలీ పైకెక్కి దిగుకుంటూ గంటలు కొడుతుంది, అంకెల చక్రాలు టకటకా తిరుగుతాయి, మీ నాయన నిక్కరు వేసుకున్నప్పుడు ఈ కడ్డీ వదలకుండా ఏడిస్తే మీ తాత వచ్చి ఎత్తుకుపోయాడు అని చెప్పాను. నవ్వాడు. నవ్వి మళ్ళీ లైట్లే అన్నాడు.

కాబట్టి నువ్వు రావాలి. మిషిన్ల లోపలి లైటు బుగ్గలు ఆరుతూ వెలుగుతూ ఉండేటట్టు చెయ్యాలి. ఫ్యాను రెగ్యులేటరు లాంటిది ఒకటి పెట్టి, తిప్పితే వేగం పెరగాలి, తగ్గాలి. సెల్లు దుకాణాల ముందర బోర్డులకే ఉంటోంది, మన మిషినుకు ఎందుకు ఉండదు? ఆ జాగ పోతే ఈ ఏడు మిర్యాలగూడ పోయినట్టే. ఒక ఊరు వదిలేస్తే తర్వాతి ఊరి వాళ్ళు మనల్ని పిలవడం మానేస్తారు. నేను ఇంట్లో కూర్చోవాలి. నేను కూర్చునే మనిషిని కాదని నీకు తెలుసు.

ఈ ఉత్తరం బస్టాండులో కోదాడ బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. జవాబు అట్లాగే పంపు.

నీ అక్క
శాంతమ్మ

*

కోదాడ
గురువారం

అక్కకు దండాలు.

మేమంతా బాగున్నాం. కోడలు మంజుల నిన్ను అడిగానని రాయమంది.

అక్కా, మిషిన్ల సంగతి. నువ్వు అడిగింది చేయకూడని పని. అవి బావ పోయేదాకా ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉండాలి. లోపల ఉన్నది ఆరు వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు. అది ముసలిది. దాని మీద కొత్త బరువు పెడితే కాలిపోతుంది, కాలితే మళ్ళీ తీగ చుట్టేవాడు ఇప్పుడు లేడు. ఇంకో సంగతి కూడా. బావ ఎప్పుడూ చెప్పేవాడు, ఇందులో బుగ్గలు రెండు జాతులని. అద్దం వెనక, అంచుల వెంబడి ఉండేవి సోకు బుగ్గలు. అవి అందానికి. గుంతల పక్కన ఉండేవి మాట బుగ్గలు. ఏ గుంత పక్కన బుగ్గ వెలిగితే ఆ గుంతలో గోలీ పడితే పదింతలు అని మిషిను మాట ఇస్తున్నట్టు లెక్క. రెంటినీ విడదీసి, సోకు వాటికే మిణుకు పెట్టడం మాటలతో అయ్యేది కాదు. వీపు మొత్తం విప్పాలి.

నాకు ఇక్కడ తీరిక లేదు. నాట్ల కాలంలో బాగుచేయడానికి మోటార్లు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. జగన్మోహన్ గారికి నచ్చజెప్పు. పాత వస్తువుకు పాత గౌరవం ఉంటుందని చెప్పు.

నీ తమ్ముడు
జానయ్య

*

సూర్యాపేట
ఆదివారం, చర్చి నుంచి వచ్చాక

జానయ్యా,

నీ ఉత్తరం రూప రెండుసార్లు చదివి వినిపించింది. రెండోసారి కూడా అందులో నాకు మనిషి దొరకలేదు.

పాత గౌరవమంటావా. బావ ఈ మిషిన్లను ముట్టుకోకుండా పూజ చేశాడా? మూడు కాళ్ళు మార్చాడు. గంట పగిలితే సైకిలు గంట పెట్టాడు. అద్దం మీది సర్కస్ పిల్ల ముఖం రంగు పోతే మన వీధి పెయింటరును పిలిచి ముక్కుపుడక కూడా పెట్టించాడు. బుగ్గ మిణుకుమంటేనే గౌరవం పోయిందా?

నాట్ల కాలమంటావా. కోతలు మొదలైన కార్తీకంలో నాట్లు వేసేది ఎవరు? అబద్ధమాడే తెలివి నీకు చిన్నప్పటి నుంచీ లేదు, ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టకు.

నువ్వు రాకపోతే పని ఆగుతుందనుకున్నావు. ఆగలేదు. మా వీధి చివర పెళ్ళి పందిళ్ళకు సీరియల్ లైట్లు కట్టే కొండల్ ఉన్నాడు. పిలిచాను. మధ్యాహ్నం వచ్చి, పందిరి లైట్లు ఆడించే డబ్బా ఒకటి తెచ్చి, సర్కస్ మిషిను వీపు విప్పాడు. "ఏ బుగ్గలకు పెట్టమంటవ్ అవ్వా?" అని అడిగాడు. అప్పటికి నీ మీది కోపం నా తలలో ఉడుకుతోంది. ఒక్కటి కూడా వదలకు, అన్నింటికీ పెట్టు అన్నాను. పొద్దు గూకేసరికి సర్కస్ పిల్ల కళ్ళు కొడుతోంది. గుంతలు కళ్ళు కొడుతున్నాయి. వీధిలో వాళ్ళు స్కూటర్లు ఆపి చూశారు. రూప వీడియో తీసి జగన్మోహన్‌కు పంపింది. వేగం తిప్పే బిళ్ళ ఒక్కటి లేదు, అతని డబ్బా ఒకటే వేగం. అది కూడా తెస్తానన్నాడు.

పున్నమికి వాడపల్లిలో మూసీ కృష్ణ కలిసే దగ్గర స్నానాలకు జనం వస్తారు. అక్కడ ముందు ఆడించి చూసి, తర్వాత మిర్యాలగూడ పోతాను. నీ తీరిక నువ్వే దాచుకో.

శాంతమ్మ

*

సూర్యాపేట
పున్నమి దాటిన మంగళవారం

జానయ్యా,

జవాబు రాయలేదు నువ్వు. నేనే రాస్తున్నాను. నిన్నటి నుంచి ఒక చోట నిలవలేకపోతున్నాను. వాకిట్లోకి, ఇంట్లోకి, వాకిట్లోకి. రూప కూర్చోమంటోంది.

వాడపల్లిలో జనం బాగా వచ్చారు. లైట్లు చూసే వచ్చారు, అది నిజం. రెండోదైన గుర్రాల మిషిను పక్కకు ఒక్కరు పోలేదు, అందరూ సర్కస్ మిషిను చుట్టే. పెద్దవూర దగ్గరి తండా నుంచి మంగ్త్యా అని ఒకతను భార్యతో వచ్చాడు. బాగా ఆడే చెయ్యి. గోలీని వెలిగే గుంతకే గురి చూసి కొట్టాడు, పడింది. గంట ఒక్కసారే మోగింది. చక్రం ఒక్క అంకె కదిలింది. పదింతలు రాలేదు.

అతను నన్ను చూశాడు. నేను గుంతను చూశాను. బుగ్గ వెలిగింది. ఆరింది. వెలిగింది. అది నిజంగా వెలిగిన బుగ్గో కొండల్ డబ్బా ఆడిస్తున్న బుగ్గో నాకు తెలియలేదు, తమ్ముడూ. ఇన్నేళ్ళలో మొదటిసారి నా మిషిను ఏం చెబుతోందో నాకే తెలియలేదు.

ఇంకో ఆట ఊరికే ఆడమన్నాను. అతను కదలలేదు. అరవలేదు కూడా. "పుణ్యానికి ఒద్దు అవ్వా. నేను గెల్సిన ఆట గెల్సినట్టు సెప్పు. మా నాయిన గూడ గీ మిషిన్ మీదనే ఆడిండు. అప్పుడు బుగ్గ ఎలిగిందంటె ఎలిగినట్టే."

వెనక నుంచి ఎవరో దొంగ మిషిను అన్నారు. ఆ మాట ఒక నోట్లోంచి ఇంకో నోట్లోకి పోతుంటే విన్నాను. నేను ఎవరికైనా బదులు చెప్పగలను, నీకు తెలుసు. నిన్న మాత్రం తీగ పీకి, టెంటు దించేశాను. మధ్యాహ్నం కాకముందే.

కొండల్‌ను అంటే ఏం లాభం. పందిట్లో అన్ని బుగ్గలూ ఒకటే, అతనికి తెలిసిన లోకం అది. అన్నింటికీ పెట్టమన్నది నేను. ఆ సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పను. రూపకు కూడా చెప్పేదాన్ని కాదు, రాయాలి కాబట్టి చెప్పాను.

ఇప్పుడు రెండూ పోయేటట్టున్నాయి. లైట్లు లేకపోతే జగన్మోహన్ జాగ ఇవ్వడు. ఈ లైట్లతో పోతే జాగ దొరికినా పేరు మిగలదు. సోకు బుగ్గలనూ మాట బుగ్గలనూ విడదీయడం చేతనైనవాడివి ఈ మూడు ఊళ్ళలో నువ్వొక్కడివే. బావ దగ్గర పని నేర్చుకున్నది నువ్వే. రా. నేను బతిమాలను. రమ్మంటున్నాను.

అక్క

*

కోదాడ
శనివారం

అక్కా,

నీ ఉత్తరం వచ్చి మూలన కూర్చున్నట్టుంది ఇంట్లో. ఇక దాచలేను.

నా చేతులు వణుకుతున్నాయి. పోయిన వానాకాలం నుంచి. మొదట కుడిచెయ్యి, ఇప్పుడు రెండూ. ఇక్కడి దవాఖానలో మందులిచ్చారు. తగ్గించుకోవచ్చు గానీ పోయేది కాదన్నారు. టీ గ్లాసు సగమే పోయించుకుంటున్నాను. ఆఖరున ఒక మోటారు విప్పినప్పుడు సోల్డరింగ్ కడ్డీ తీగ మీద పెట్టబోతే నా మోకాలి మీద పెట్టుకున్నాను. ఆ రోజు దుకాణం మూశాను. కొడుకు మానేయమన్నాడు కాబట్టి మానేశానని బజారులో చెప్పుకున్నాను. వాడు అలా అనలేదు.

మొదట నీకు వచ్చిన ఉత్తరం నేను రాసింది కాదు. నేను చెబుతుంటే మంజుల రాసింది. నా చేతిరాత రూపకు తెలియదు, నీకు చదువు లేదు, తెలిసే దారి లేదని ధైర్యం చేశాను. ఈ వాక్యం చెబుతుంటే మంజుల కలం ఆపి నన్ను చూసింది. రాయమన్నాను.

సూర్యాపేటలో నన్ను అందరూ ఎరుగుదురు. తీగ చూడకుండా వేలితో తడిమి జబ్బు చెప్పేవాడినని అక్కడి వాళ్ళు ఇప్పటికీ అంటారట. వాళ్ళ ముందర ఈ చేతులు బయట పెట్టలేను. మిషిన్లు ఎవరికైనా ఇచ్చెయ్యి. నన్ను మాత్రం రమ్మనకు.

జానయ్య

*

సూర్యాపేట
సోమవారం పొద్దున్నే

జానయ్యా,

రూప నీ ఉత్తరం చదువుతూ మధ్యలో లేచి మంచినీళ్ళు తాగి వచ్చింది. నేను ఏడవలేదు. నాకు కోపం వచ్చింది. వానాకాలం నుంచి ఒక్కడివే ఆ చేతులను చంకలో దాచుకుని తిరిగావు. అక్క అనే మనిషి ఒకతి ఉందని గుర్తు రాలేదా?

సిగ్గంటావు. నేను బ్యాంకుకు పోతే చదువుకున్న ఆడపిల్లల మధ్య నిలబడి, నల్ల సిరా పూసుకుని బొటనవేలు ఒత్తుతాను. వేలు కొంగులో దాచుకోవడం ఎప్పుడైనా చూశావా? సిరా సరిగా అంటలేదని వాళ్ళనే కసిరి మళ్ళీ ఒత్తుతాను.

నేను చెప్పేది జాగ్రత్తగా విను. ఈ ఉత్తరం రాస్తున్న చెయ్యి రూపది. ఇందులో తిట్టేది ఎవరు? నీకు తగులుతున్నది ఎవరి మాట? రూపదా, నాదా? నువ్వూ అట్లాగే మంజుల చేత్తో నాకు మూడు అబద్ధాలు పంపావు, అవి నీ అబద్ధాలే అయ్యాయి కదా. ఉత్తరం ఇంకొకరి చేత్తో రాయించగా లేనిది, తీగ ఇంకొకరి చేత్తో అతికించలేమా?

నా చేతులు వణకవు. సూదిలో దారం ఇప్పటికీ నేనే ఎక్కించుకుంటాను. మీరిద్దరూ అన్నం తినడానికి పోయినప్పుడు ఆ మిషిన్ల పొట్టలో చెయ్యిపెట్టి బుగ్గలు మార్చింది, గరుకు కాగితంతో కరెంటు తగిలే పత్తీల మసి తీసింది నేనే. సీసం కరిగించి అతకడం ఒక్కటే చేయలేదు. ఎందుకు చేయలేదంటే మీరు నన్ను అడగలేదు.

రేపు పొద్దున బస్సెక్కు. వేగం తిప్పే బిళ్ళ ఉన్న బోర్డు కోదాడలో కొనుక్కుని రా. స్టూలు వేసి ఉంచుతాను. దాని మీద కూర్చుని చెప్పు. చేసేది నేను.

అక్క

*

కోదాడ
గురువారం

అక్కా,

నీ ముందు నుంచి అట్లా లేచి వచ్చినందుకు ఏమని రాయాలో తెలియక నిన్నంతా మంజులను కూర్చోబెట్టి లేపాను.

పని బాగా నడిచింది కదా. నువ్వు కడ్డీని అట్లకాడ పట్టుకున్నట్టు పట్టుకున్నావు. పొగ ముక్కులోకి పోతుంటే నన్నూ బావనూ కలిపి తిట్టావు. మొదటి అతుకు సీసం ముద్దలా కారింది, రెండోది ఊడింది, మూడోది నిలిచింది. ఆ తర్వాత నేను తీగ పేరు చెప్పడమే ఆలస్యం, నీ చెయ్యి అక్కడ ఉంది. మాట బుగ్గల తీగలన్నీ వెనక్కి వాటిని వెలిగించే రిలేలకు చేర్చేదాకా, నీతో చెబుతున్నాను, నా చేతులు ఉన్నాయనే మర్చిపోయాను.

అప్పుడు కొండల్ వచ్చాడు. తలుపులో నిలబడి నన్ను చూశాడు. సరిగ్గా అప్పుడే తీగ చూపిద్దామని వేలు చాపాను. వేలు గాలిలో గంట ఊగినట్టు ఊగింది. అతను నవ్వాడు. నేను విన్నాను. నువ్వు పిలుస్తూనే ఉన్నావు, నేను చెప్పులు కూడా చేత్తోనే పట్టుకుని బస్టాండు దాకా పోయాను.

సోకు బుగ్గలు బోర్డుకు కలపడం మిగిలింది. నల్ల తీగ ట్రాన్స్‌ఫార్మరు నుంచి నేరుగా బోర్డులోకి, బోర్డు నుంచి ఎర్ర తీగ అద్దం వెనకకు. బిళ్ళను సగానికి మించి తిప్పవద్దు, వేగం ఎక్కువైతే ఆడేవాడికి గోలీ కనపడదు. ఇది అందేసరికి నువ్వు మిర్యాలగూడ పోయి ఉంటావేమో. జాగ దొరక్కపోతే నా వల్లే అనుకో.

జానయ్య

*

మిర్యాలగూడ
ఎగ్జిబిషన్ గ్రౌండ్, ఆదివారం

తమ్ముడు జానయ్యకు,

రూప సూర్యాపేటలోనే ఉంది. ఈ ఉత్తరం రాస్తున్నది కొండల్. ఆ పేరు విని కాగితం పక్కన పెట్టకు. మంజులా, మీ మామ లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టు.

నీ ఉత్తరం నేను బయలుదేరేటప్పుడు అందింది. అప్పటికే పని అయిపోయింది. మిగిలిన రెండు తీగలు నేనే అతికించాను. నువ్వు ముందు రోజు నోటితో చెప్పినవి చెవిలో అట్లాగే ఉన్నాయి. బోర్డు పెట్టి స్విచ్చి వేసినప్పుడు, రిలేలు ఎప్పటిలా టక్కుమన్నాయి, సోకు బుగ్గలు ఊపిరి తీసినట్టు వెలిగి ఆరాయి. మాట బుగ్గ ఒక్కటి, నాలుగో గుంత పక్కన, కదలకుండా వెలుగుతూ నిలబడింది. గోలీ నేనే కొట్టాను. చాలాసేపు కొట్టాను. పడినప్పుడు పదింతలు వచ్చింది.

జగన్మోహన్ నిన్న వచ్చి చూశాడు. బిళ్ళ ఇంకా తిప్పమన్నాడు, ఇంకా, ఇంకా అన్నాడు. చివరిదాకా తిప్పి, ఇప్పుడు నువ్వు ఆడు అన్నాను. గోలీ కనపడక కళ్ళు నలుపుకున్నాడు. అప్పుడు తగ్గించాను. మనిషి లేనప్పుడు వేగంగా పెడతాను, దూరం నుంచి జనం రావడానికి. స్ప్రింగు కడ్డీ ఎవరైనా పట్టుకోగానే మెల్లగా చేస్తాను, వాళ్ళు ఆడుకోవడానికి. ఆ బిళ్ళ మీద నా చెయ్యి తప్ప ఎవరి చెయ్యీ పడదు అని చెప్పాను. అతను ఆట అయిపోయాక మళ్ళీ ఆడాడు. కానీ గేటు పక్క జాగ ఇవ్వలేదు. జెయింట్ వీల్ వెనక ఇచ్చాడు. "అమ్మా, ఒకటి ఎలుగుతున్నది, ఇంకొకటి చీకట్ల ఉన్నది. రెండూ ఎలిగినంక గేటు కాడికి రా" అన్నాడు. గుర్రాల మిషిను సంగతి. మాట తీసుకున్నాను, ఈ వారంలో అయిపోవాలి.

ఇప్పుడు కొండల్ సంగతి. నీ బస్సు కదిలాక నేను వీణ్ణి గల్ల పట్టుకున్నంత పని చేశాను. మా తమ్ముణ్ణి చూసి నవ్వుతావా అని. వీడు నవ్వింది నిన్ను చూసి కాదు. నా ముంగురులు కడ్డీకి తగిలి కాలి, ముఖమంతా మసి ఉంది. అది చూసి నవ్వాడు. ఆ తర్వాత వీడన్న మాట వీడి చేత్తోనే, వీడి మాటల్లోనే రాయిస్తున్నాను. రాయడానికి సిగ్గు పడుతున్నాడు. రాయమన్నాను.

"పెద్దయ్యా, నేను పందిట్ల బుగ్గలు కట్టుడే నేర్సిన. ఏ తీగ ఎందుకు పోతదో నాకు ఎవ్వలు సెప్పలే. ఆ దినం తలుపుల నిలబడి సగం ఇన్న. మిగిలిన సగం ఎవలు సెప్తరు?"

ఇదీ సంగతి. గుర్రాల మిషిను వీపు విప్పి పెట్టాను. ఒక పక్క నేను, ఒక పక్క కొండల్. వీడికి చేతులున్నాయి, నాకు చేతులున్నాయి, ఇద్దరికీ కలిపి ఒక్క తీగ పేరు తెలియదు. ఏడు తీగలు ఒకే రంగువి ఉన్నాయి, అన్నీ పాము పిల్లల్లా నన్నే చూస్తున్నాయి. నాలుగు చేతులు చాలు. చేతులు వణికితే జేబులో పెట్టుకో, జేబులో వణకనీ. నోరు మాత్రం ఇంట్లో పెట్టి రాకు.

కోదాడ నుంచి మిర్యాలగూడకు పొద్దున బస్సుంది. కడ్డీ వేడి చేసి ఉంచుతాను.

నీ అక్క
శాంతమ్మ